పాత ఇంటికి కొత్త గది: నిర్ణయం ఎవరిది?

సంక్రాంతికో, వేసవి సెలవులకో స్వగ్రామం వెళ్ళిన ప్రవాసాంధ్ర కుటుంబాలలో తరచుగా ఒక చర్చ సాగుతుంది. తాతలనాటి పెంకుటిల్లు ఉంచాలా, పడగొట్టి డాబా వేయాలా? డబ్బు పంపేవారు విదేశంలో ఉంటారు. ప్లాను పట్నంలో తయారవుతుంది. ఆ ఇంట్లో నిత్యమూ మసలే పెద్దవారు మాత్రం "మీ ఇష్టం నాయనా" అని ఊరుకుంటారు. ఆ మాటను అంగీకారంగా భావించడమే మనం చేసే మొదటి పొరపాటని నా అభిప్రాయం.

గోదావరి, కృష్ణా మండలాలలోని మండువా లోగిళ్ళు కేవలం గతవైభవ చిహ్నాలు కావు. నలువైపులా కప్పు లోపలికి వాలి, నడుమ ఆకాశం కనిపించే ఆ నిర్మాణం గదులన్నిటికీ వెలుతురునూ గాలినీ పంచుతుంది. వేడెక్కిన గాలి మండువా గుండా పైకి పోతుంది. పెంకుల సందులనుండి కూడ కొంత వేడి తప్పించుకొంటుంది. కాంక్రీటు శ్లాబు అట్లు కాదు. పగలంతా గ్రహించిన ఎండవేడిని రాత్రివేళ గదిలోనికి వదలుతుంది.

అయితే పాత ఇంటి లోపాలను దాచడం కూడ సత్యం కాదు. దూలాలకు చెదలు పడతాయి. వీధిలో రోడ్డు వేసినప్పుడల్లా మట్టం పెరిగి, వాననీరు అరుగు దాటి వస్తుంది. పెరటి చివర ఉన్న స్నానాలగది వరకు రాత్రివేళ నడవడం వృద్ధులకు ప్రమాదకరం. కాబట్టి అసలు ప్రశ్న ఉంచడమా, పడగొట్టడమా అన్నది కాదు. ఏది నిలుపుకోవాలి, ఏది కలపాలి, ఆ నిర్ణయం ఎవరెవరు కూర్చుని చేయాలి అన్నది.

ఇందులో శాస్త్రజ్ఞానం అవసరం ఎంతో ఉంది. గానుగసున్నంతో కట్టిన గోడ నేలనుండి పైకి పాకిన చెమ్మను మెల్లగా బయటికి వదలుతుంది. దానిపై సిమెంటు పూత పూస్తే చెమ్మ లోపల చిక్కుకొంటుంది. లవణాలు ఇటుకను తినివేస్తాయి. కొన్నేళ్ళకు పూత పెచ్చులుగా ఊడిపోతుంది. సున్నపు గోడకు సున్నపు పూతే తగినది.

అట్లే నల్లరేగడి నేల వానలకు ఉబ్బి, ఎండలకు కుంచించుకొంటుంది. పాత గోడలు దశాబ్దాలుగా కుంగవలసినంత కుంగి కుదుటపడి ఉంటాయి. కొత్త గది కుంగడం ఇప్పుడే మొదలుపెడుతుంది. రెంటినీ ఒకటిగా బిగించి కడితే అతుకు దగ్గర పగుళ్ళు వస్తాయి. కొత్త భాగానికి విడిగా పునాది వేసి, రెండు గోడల నడుమ సన్నని సందు విడిచి, దానిని సాగే పదార్థంతో మూయడం మంచి పద్ధతి.

ఈ సంగతులు ఇంజనీరుకు తెలుసు. ఏ దూలం లోపల డొల్లబారిందో తట్టి చూసి చెప్పగలవాడు ఊరి వడ్రంగి. గట్టి తుఫానులో నీరు ఎంతవరకు వచ్చిందో చెప్పగలిగేది ఆ ఇంటి ఇల్లాలు. ఈ ముగ్గురి జ్ఞానమూ ఒకచోట చేరితే తప్ప ప్లాను సమగ్రం కాదు.

ఇది కొత్త ఆలోచన కాదు. బ్రిటన్‌లో జన్మించి, కేరళలో స్థిరపడి, 2007లో కన్నుమూసిన వాస్తుశిల్పి లారీ బేకర్ స్థలం వద్దనే మేస్త్రీలతో కలిసి పనిచేస్తూ ఇళ్ళకు రూపమిచ్చేవారు. భవనాలను వాడేవారే వాటి రూపకల్పనలో పాల్గొనాలని క్రిస్టఫర్ అలెగ్జాండర్, ఆయన సహచరులు ఆరిగన్ విశ్వవిద్యాలయం కోసం రచించి 1975లో ప్రచురించిన గ్రంథంలో ఒక సూత్రంగా ప్రతిపాదించారు.

మా ఇంటికి పడకగది, స్నానాలగది కలపవలసి వచ్చినప్పుడు ఈ సూత్రాన్ని నేనే మరచాను. ప్లాను ఫోనులో పంపి, మా అమ్మగారు "బాగుందిరా" అనగానే తృప్తిపడ్డాను. మేస్త్రి పునాదికి ముగ్గు పోసిన రోజున ఆమె ఆ గీతల నడుమ నడిచారు. మంచం ఇక్కడ వేస్తే లేవగానే తులసికోట కనిపించదన్నారు. చేతికర్రతో స్నానాలగదిలో తిరగడానికి చోటు చాలదన్నారు. కాగితం మీది ప్లాను చదవలేని ఆమె నేలమీది ముగ్గును క్షణంలో చదివారు. గోడ రెండడుగులు జరిగింది. అందుకైన ఖర్చు పిడికెడు సున్నపుపొడి! స్నానాలగదికి గడప వద్దని ఇంజనీరు పట్టుబట్టారు. వీధి గడపను కదిలించవద్దని అమ్మగారు పట్టుబట్టారు. ఇద్దరి మాటా నెగ్గింది.

ఇందరిని సంప్రదిస్తే పని సాగదని కొందరు ఆక్షేపించవచ్చు. కాలయాపన కొంత తప్పదు. కాని గోడ లేచిన తరువాత పడగొట్టడం కంటె ముగ్గు చెరిపి మళ్ళీ పోయడం ఎంతో తేలిక. మరొక మాట: సహకారమంటే గోడల బలాన్ని ఓటుకు పెట్టడం కాదు. పైకప్పు బరువును గోడ మోయలేదని ఇంజనీరు చెబితే ఆ మాట శిరోధార్యమే. మరమ్మతుకు లొంగని ఇంటిని విడువక తప్పదు కూడ.

మనం పంపే డబ్బు ఇంటిని కట్టగలదు గాని, ఆ ఇంట్లో తెల్లవారుజామున లేచి నడిచేది మనం కాదు. కనుక ఈసారి ఊరు వెళ్ళినప్పుడు "మీ ఇష్టం నాయనా" అన్న మాటతో చర్చ ముగించకుండా, పిడికెడు ముగ్గు తెప్పించి, గది కొలతలు పెరట్లో గీయించి, పెద్దవారిని ఒకసారి ఆ గీతల మధ్య నడవమనండి. అసలు ప్లాను అక్కడ మొదలవుతుంది.