ఎండలో పండే కరీరం

ఆకులు లేని కరీరాన్ని భర్తృహరి దురదృష్టానికి ఉపమానంగా వాడుకున్నాడు. కవి దృష్టి ఆకుల మీదనే నిలిచింది. అదే వసంతంలో కరీరం ఎర్రని పూలు పూస్తుంది; ఎండలు ముదిరేనాటికి పండ్లతో నిండుతుంది. ఉత్తరాదిలో కైర్ అని పిలిచే ఈ ముళ్ళపొద రాజస్థాన్ ఎడారికి చెందినది. కాని దీన్ని చూడటానికి అంతదూరం పోనక్కరలేదు. ఆరావళి పర్వతాలు ఢిల్లీలో రిడ్జ్ అనే రాతిగుట్టలతో ముగుస్తాయి. నగరం ఎడారి కాకపోయినా, ఈ గుట్టల మీద ఎడారి మొక్కలు తరతరాలుగా నివసిస్తున్నాయి.

ఢిల్లీలో ఏడాది వానలో ముప్పాతిక భాగానికి పైగా జూన్ చివరినుంచి సెప్టెంబరులోపల కురుస్తుంది. వానలకు ముందు, ఎండ 45 డిగ్రీలను తాకే దినాలలో, తక్కిన మొక్కలు వాడిపోతుండగా కైర్ పండుతుంది. చిన్నచిన్న ఆకులు పుట్టిన కొద్దికాలానికే రాలిపోతాయి గనుక నీటి ఖర్చు తక్కువ. ఆకులు చేయవలసిన పనిని పచ్చని కొమ్మలే చేస్తాయి. వేళ్ళు లోతుకు దిగి తడిని వెదకుతాయి. పీలు కూడా ఇదే కోవకు చెందినది. దాని తియ్యని చిరుపండ్లు మే, జూన్ నెలలలోనే అందివస్తాయి.

ఆ రోజులలో ఆహారం, నీరు రెండూ కరవు. రసం నిండిన పండు పికిలిపిట్టలకు ఆకలినీ, దాహాన్నీ తీరుస్తుంది. అవి పండు తిని, గింజలను దూరంగా విడుస్తాయి. కొద్దివారాలలో తొలకరి పడుతుంది. మొలక వేరూనడానికి వానకాలమంతా ఉంటుంది. మొక్కకు పంచాంగం తెలియదు. అకాలంలో పండినవాటి సంతతి నశించి, సకాలంలో పండినవాటి సంతతి నిలిచింది, అంతే.

అయితే ఎడారి పొదలన్నిటిదీ ఒకే దారి కాదు. నేలరేగు వానల తడితో పూత పట్టి, చలికాలంలో పండుతుంది. దాని గింజకు గట్టి పెంకు ఉంది గనుక తరువాతి వానలదాకా వేచి ఉండగలదు.

ఈ కాలజ్ఞానం నేడు మనుషులకూ అవసరమైంది. గురుగ్రామ్‌లో ఒకప్పుడు గనులు తవ్విన నేలలో స్థానిక జాతులను నాటి పెంచిన ఆరావళి జీవవైవిధ్య ఉద్యానం 2022లో దేశస్థాయి గుర్తింపు పొందింది. ఇటువంటిచోట నారు పెంచేవారు పండ్ల కాలాన్ని కనిపెట్టి ఉండాలి. కైర్ కాయలను పచ్చిగా ఉన్నప్పుడే కోసి, మజ్జిగలో ఊరవేసి చేదు తీసి, ఊరగాయ పెడతారు. అన్నీ పచ్చడికే పోతే విత్తనం మిగలదు. పండేదాకా ఆగితే పిట్టలు ముందు వస్తాయి. ముగ్గురి భాగమూ ఆ కొద్దివారాల పంటలోనే ఉంది.

మరో పోటీదారు సర్కారు తుమ్మ. అమెరికా ఖండంనుంచి వచ్చిన ఈ చెట్టును ఆంగ్లేయులు ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాలలో రిడ్జ్ మీద నాటించారు. అది స్థానిక పొదలను త్రోసివేసి అడవిని ఆక్రమించింది. దాని కాయలు పశువులకు మేత అవుతాయి గాని, వేసవి పిట్టలకు రసమున్న పండుకు బదులు కావు. పచ్చగా ఉన్నదల్లా అడవికి మేలు చేయదు. మోడుగా కనిపించినదల్లా చచ్చినదీ కాదు. ఆకులేని పొద మీద గొడ్డలి వేసేముందు జ్యేష్ఠమాసం దాకా ఆగి చూడటం మంచిది.