తల్లి పేరిట మోటారు బీమా

ఇంగ్లాండులో క్రొత్తగా కాపురము పెట్టిన సోదరి యొకరు వ్రాసిన జాబు పలువురు తల్లులకు సంబంధించినదగుటచే, ఈ నెల దానినే తీసికొనుచున్నాము. ఆమె భర్త జపానులోని యోకొహామాలో 9 ఏండ్లు ఉద్యోగము చేసి, మూడు నెలల క్రిందట ఇంగ్లాండునకు మారిరి. ఇంటి సామానుతోబాటు వారి నిస్సాన్ స్కైలైన్ జీ.టీ.ఆర్. మోటారుకారు కూడ ఓడమీద వచ్చినది. కారు తండ్రిది, ముచ్చట మాత్రము 22 ఏండ్ల కుమారునిది. కుమారుడు నడుపునని చెప్పగానే కొన్ని బీమా కంపెనీలు అనేక రెట్లు సొమ్మడిగినవట, కొన్ని మాకు వలదన్నవట. అంతట నొక స్నేహితుడు, "అమ్మగారు ముఖ్య డ్రైవరని వ్రాయించి, అబ్బాయిని అదనముగా చేర్పుడు, ఖర్చు తగ్గును" అని ఉపాయము చెప్పెను. ఆమెకు బండి నడుపుట వచ్చును గాని ఈ కారును రెండు మారులకంటె ముట్టలేదు. "ఇంటిల్లపాదియు సంతకము చేయుమని తొందరపెట్టుచున్నారు. చేయవచ్చునా?" అని ఆమె ప్రశ్న.

చేయరాదు. ఎందుకో కొంత విపులముగా వ్రాసెదము.

మొదట ఆ కంపెనీల భయము వట్టిది కాదని గ్రహింపవలెను. ఆర్34 అను ఈ తరగతి జీ.టీ.ఆర్. కారును నిస్సాన్ వారు 1999 మొదలు 2002 వరకు జపానులో అమ్మిరి. 2.6 లీటర్ల యంత్రము, ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు, నాలుగు చక్రములకును శక్తి. కాగితములలో దీని బలము 280 హార్సుపవరని యుండును. ఆ కాలమున జపాను కార్ల తయారీదారులు తమలో తామొక పెద్దమనుష్యుల ఒడంబడిక చేసికొని, ఏ కారునకును అంతకు మించి చెప్పుకొనకుండిరి. 2004 వరకు ఆ మర్యాద సాగినది. అసలు బలము కాగితమునకు మించినదని ఎరిగినవారందరును ఎరుగుదురు. పైగా ఇట్టి కార్లను చేతులు మారినప్పుడెల్ల ఎవరో యొకరు విప్పి మార్చుచుందురు. తయారీ నిలిచిపోయి ఇన్నేండ్లయినందున కొన్ని భాగములు జపానునుండియే తెప్పించుకొనవలెను. అమెరికావారు 25 ఏండ్లు నిండిన విదేశపు కార్లను తమ దేశమున రానిత్తురు గనుక 2024 నుండి అక్కడి ధనవంతుల చూపును దీనిపై పడినది. దొంగలకు వేరుగా చెప్పవలయునా? ఇన్ని చిక్కులున్న వాహనమును 22 ఏండ్ల పిల్లవాని చేతికిచ్చి, తక్కువ సొమ్మునకు పూచీపడుమనిన నెవరు పడుదురు?

ఇక సంతకము మాట. నిజముగా నడుపువాని పేరు వెనుకకు నెట్టి, తల్లిదండ్రుల పేరు ముందు పెట్టుటను అక్కడివారు "ఫ్రంటింగు" అందురు. దానిని మోసముగా నెంతురు. కుమారుని పాలసీలో తల్లిని అదనపు డ్రైవరుగా చేర్చి, ఆమె యప్పుడప్పుడు నిజముగా నడుపుచుండిన దోషమేమియు లేదు. తలక్రిందులుగా వ్రాయుటయే తప్పు.

బీమా ధర్మములో సత్యమునకు గల స్థానము ఈనాటిది కాదు. 1766లో లండనునందు లార్డు మాన్స్‌ఫీల్డు అను న్యాయాధిపతి, సుమత్రాదీవిలోని యొక కోటకు చేయించిన బీమా తగవులో, ఇరుపక్షములును దాపరికము లేక వ్యవహరింపవలెనని నిర్ణయించెను. ఆ పద్ధతి ముదిరి, కంపెనీ అడుగకపోయినను తనకు తెలిసిన ముఖ్యవిషయములన్నియు బీమా కోరువాడే చెప్పవలసి వచ్చెను. సామాన్య గృహస్థునకిది భారమని 2012లో చట్టము చేసి, 2013 ఏప్రిల్ నుండి అమలు పెట్టిరి. ఇప్పుడు అడిగిన ప్రశ్నకు తగిన జాగ్రత్తతో నిజము చెప్పిన చాలును. పొరపాటున తప్పు చెప్పినచో, కట్టవలసిన దానిలో ఎంత భాగము కట్టితిమో నష్టపరిహారములోను అంత భాగమే యిత్తురు. 4,000 పౌనులకు మారుగా 1,000 పౌనులు కట్టినచో నాలుగవ వంతు. బుద్ధిపూర్వకముగా చెప్పినచో పాలసీనే రద్దుచేసి, కట్టిన సొమ్ము కూడ నిలుపుకొనవచ్చును. మన సోదరి సంతకము ఈ రెండవ తరగతిలోనిది.

కారు పోయిన పోనిండు. దారిని పోవు మనుష్యునకు దెబ్బ తగిలినచో నేమగును? 1930 నాటి చట్టము మొదలుకొని బ్రిటనునందు ఇతరులకగు హానికి బీమా తప్పనిసరి; ఇప్పుడున్నది 1988 నాటి చట్టము. (మన దేశపు మోటారు వాహనముల చట్టమును ఆ యేటిదే.) గాయపడినవానికి కోర్టు తీర్పు ప్రకారము కంపెనీయే చెల్లించును, మనుష్యుల గాయములకు అక్కడ పరిమితి లేదు. కాని అట్లు చెల్లించిన సొమ్మును బీమాదారునినుండి రాబట్టుకొనుటకు చట్టము కంపెనీకి దారి విడిచినది. ఆ బీమాదారు ఎవరు? స్నేహితుడు కాదు, కుమారుడు కాదు. సంతకము చేసిన తల్లి. ఆ పిమ్మట ఏ కంపెనీకి పోయినను, "మీ పాలసీ నెన్నడైన రద్దుచేసిరా?" అను ప్రశ్నకు ఔననియే వ్రాయవలెను. ఇంటిలోని మగవారు తొందరపెట్టుటకు ముందు ఈ సంగతి తెలిసికొనిరో లేదో మాకు సందేహమే.

ఎవరికి తెలియునందురా? భారతమున ఋతుపర్ణుని రథము విదర్భకు వచ్చినప్పుడు సారథి పేరు బాహుకుడు. దమయంతి రథధ్వని వినినంతనే తోలువాడు నలుడని శంకించినది. ప్రమాదమైన పిదప విచారించు ఉద్యోగులును ఆమెవలె చెవి యొగ్గువారే. కారు ప్రతిదినము ఎచ్చట నిలుచుచున్నదో, పని కెవరు తీసికొనిపోవుచున్నారో, ఇరుగుపొరుగు నడిగినను తెలియును.

మరి చేయవలసిన దేమి? కారును కుమారుని పేర మార్చుట కూడ ఇప్పుడు తగదు. నివాసము మార్చుకొనువారికి సుంకము మినహాయింపు కలదు. విదేశమున 12 నెలలు నివసించి, 6 నెలలకు తక్కువ గాకుండ ఆ కారు నుంచుకొని వాడినవారికే అది దొరకును. దొరికిన పిమ్మట 12 నెలలలోపల అమ్మరాదు, ఎరువీయరాదు, ఒకరికి బదిలీ చేయరాదు. చేసిన సుంకము కట్టవలసివచ్చును. కావున తండ్రియే నిజమైన ముఖ్య డ్రైవరై, ఏడాదికిన్ని మైళ్లని పరిమితితో బీమా చేయించుట మేలు. దిగుమతి కార్లను ఎరిగిన బ్రోకర్లు అక్కడ కలరు. వారిని వ్రాతమూలముగా మూడు సంగతు లడుగవలెను. కారులో చేసిన మార్పులన్నిటిని పాలసీలో ఎక్కింతురా? నష్టము వచ్చినప్పుడు బజారు ధర యిత్తురా, లేక ముందుగా నిశ్చయించుకొన్న వెల యిత్తురా? నెంబరు రాక పూర్వము చాసిస్ నెంబరు మీద బీమా యిత్తురా? రెండవదానిని వదలకుడు, ఇట్టి అరుదైన కారునకు బజారు ధర ఇదియని తేల్చుట తగవులకు మూలము. తాళము పడు గ్యారేజి, దొంగ తీసికొనిపోయినను జాడ చూపు ట్రాకరు ఉన్నచో బేరము సులభమగును.

కుమారునకు చిన్న కారొకటి అతని పేరనే కొనిపెట్టి బీమా చేయింపుడు. ప్రమాదము లేక గడచిన ప్రతి సంవత్సరమును అతని సొంత లెక్కలో పడును. అతడు మూతి ముడుచుకొనవచ్చును. దానికి మేము మందు చెప్పజాలము.

ఇతర సోదరీమణులకు రెండు ముక్కలు. కారు ఓడ దిగిన 14 దినములలో అక్కడి పన్నులశాఖకు తెలుపవలెను. 10 ఏండ్లు దాటిన కారునకు క్రొత్త దిగుమతులకు చేయు పెద్ద పరీక్ష అక్కరలేదు గాని, ఏటేట జరుగు ఎం.ఓ.టీ. పరీక్ష తప్పదు, వేగము మైళ్లలో చూపు గడియారము, వెనుకవైపు పొగమంచు దీపము అమర్పవలెను. జపాను లైసెన్సును అక్కడి లైసెన్సునకు మార్చుకొనవచ్చును. మన దేశపు లైసెన్సుతో నివాసమేర్పడిన నాటినుండి 12 నెలలు మాత్రమే నడుపవచ్చును. పిమ్మట పరీక్ష ప్యాసు కావలసినదే.

జాబు చివర ఆ సోదరి, తన భర్తకు జపానులో ప్రమాదములు లేనందున లభించిన తరగతి వృథాయగునా యని యడిగినారు. అక్కడ క్రొత్తవాడు 6వ తరగతిలో ప్రవేశించి, ఏడాదికొక మెట్టు చొప్పున 20 వరకు ఎక్కును. ప్రమాదము చేసిన సాధారణముగా మూడు మెట్లు దిగును. బ్రిటనులో లెక్క సంవత్సరములతో గనుక ఈ మెట్లు చూచి వారికి బోధపడదు. జపాను కంపెనీనుండి ఎన్నేండ్లు ఏ క్లెయిమును లేదో తెలుపు ఉత్తరము తెప్పించి, ఇంగ్లీషులోనికి తర్జుమా చేయించి బ్రోకరున కీయవలెను. అన్ని కంపెనీలును అంగీకరింపవు. అంగీకరించువారిని వెదకుమని అతనితోనే చెప్పుడు. ఉత్తరము రాకమునుపు పాత పాలసీ కాగితములను పారవేయకుడు.