మాఫ్ చేసిందెవరు?

మా ఇళ్లలో మగమనిషి చనిపోతే జనాజా లేచేముందు ఒక తంతు నడుస్తుంది. ఏడ్చి సొమ్మసిల్లిన భార్యను నలుగురు ఆడవాళ్లు పట్టుకొచ్చి శవం దగ్గర కూచోబెడతారు. 'మెహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా' అంటారు. చెబుతుంది. ఆ స్థితిలో ఏం చెప్పమన్నా చెబుతుంది. మెహర్ అంటే అప్పు. షరియత్ ప్రకారం పోయినవాడి ఆస్తిలోంచి ముందు కఫన్ దఫన్ ఖర్చు, తర్వాత అప్పులు, ఆ తర్వాత వసీయత్, అవన్నీ తీరాకే వారసుల వాటాలు. పురుగుమందుల కొట్టువాణ్ణి శవం పక్కకు పిలిచి బాకీ మాఫ్ చెయ్యమని ఎవరైనా అడిగారా? భార్యనే అడుగుతారు.

రెండో మాఫీ ఆడబిడ్డలది. అది నలభయ్యో రోజు ఫాతెహా అయ్యాక, వంట గిన్నెలు ఇంకా కడగకముందే జరిగిపోతుంది.

'వీలునామా రాయకుండా పోయాడు, అందుకే ఈ తకరార్లు' అంటారు పెద్దమనుషులు. శుద్ధ అబద్ధం. సున్నీలకు మూడో వంతుకు మించిన వసీయత్, మిగతా వారసులు ఒప్పుకుంటే తప్ప, చెల్లదు. వారసుల్లో ఒకరికి రాయాలన్నా అంతే. మిగిలినదాన్ని సూరె నిసా ఎప్పుడో పంచిపెట్టింది. ఆస్తి కొంచెమైనా సరే, ఆడదానికి వాటా ఉందంది.

మా ఇంటి లెక్కే చెబుతాం. చందర్లపాడులో మా అబ్బా నాలుగెకరాల ఎనభై సెంట్ల నల్లరేగడి వదిలి పోయాడు. అమ్మీ, ఇద్దరు ఆపాలు, మేమిద్దరం అన్నదమ్ములం. అమ్మీకి ఎనిమిదో వంతు, అరవై సెంట్లు. మిగిలిన 420 సెంట్లలో కొడుక్కి 140, కూతురికి 70. ఐదో తరగతి పిల్లాడు వేసే లెక్క. కానీ మా పాసుపుస్తకాలు రెండే.

1937 నాటి షరియత్ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించింది. ఆ మినహాయింపును 1949లో మద్రాసు రాష్ట్రం తీసేసింది. కృష్ణా జిల్లా అప్పుడు మద్రాసులోనే ఉంది. అంటే ఖురాను ఇచ్చింది, సర్కారూ ఇచ్చింది. మరి మధ్యలో మింగిందెవరు? వారసుడు, హక్కు, దస్తావేజు - ఈ మాటలన్నీ తెలుగులోకి మా ఉర్దూ వైపు నుంచి వచ్చినవే. మాటలు ఊరందరికీ పంచాం. మా ఆడబిడ్డలకు మాత్రం సంతకం పెట్టే చోటు చూపించాం.

ఉమ్మడి పౌరస్మృతి మాట రాగానే షరియత్ ఖత్రేమే హై అని సభలు పెట్టే పెద్దలారా, ఒక్క జుమ్మా ఖుత్బాలోనైనా ఈ 70 సెంట్ల సంగతి ఎత్తారా? తలాక్ గురించి గంటలు మాట్లాడతారు. మీరు కాపాడుతున్నది షరియత్‌నా, అన్నదమ్ముల పాసుపుస్తకాలనా?

అటువైపు నుంచి మా ఆడవాళ్లమీద జాలి కురిపించేవాళ్లకూ ఒక మాట. హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా మన రాష్ట్రంలో 1985 నుంచి, అదీ అప్పటికి పెళ్లికానివాళ్లకు. దేశమంతటా 2005 నుంచి. మీ ఊళ్లలో 'కట్నమిచ్చాం కదా' అన్న మాట ఆగిందా? ముందు మీ ఇంటి లెక్క చూపించి మా ఇంటికి రండి.

కొడుకుతో సగం వాటా న్యాయమా అన్నది వేరే ప్రశ్న. అడగాల్సిందే. కొడుకుల్లేని ఇంట్లో కూతుళ్లందరికీ కలిపి మూడింట రెండొంతులే. భార్య వాటా పోగా మిగిలింది తండ్రి అన్నదమ్ములకు పోతుంది. అందుకే కేరళలో ముగ్గురు ఆడపిల్లల తండ్రి, న్యాయవాది షుక్కూర్, 2023 మార్చి 8న తన భార్యనే ప్రత్యేక వివాహ చట్టం కింద మళ్లీ పెళ్లాడాడు. ఆయన్ని తిట్టినవాళ్లలో ఎందరు తమ చెల్లెళ్లకు ఆ సగమైనా ఇచ్చారు?

మేమేమీ ఉత్తములం కాదు. ఆ సంతకం రోజు మేమూ అక్కడే ఉన్నాం. 'పుట్టిల్లు ఉండాలి గదరా' అని పెద్దాపా వేలిముద్ర వేసింది. రంజానుకో చీర, ఏడాదికో బస్తా మిరపకాయలు. తర్వాత 2014లో ఏటి అవతల రాజధాని అన్నారు. ఇవతల సెంటు ధర చూసి మాకే కళ్లు తిరిగాయి. పెద్దాపా మాత్రం జగ్గయ్యపేటలో అద్దె ఇంట్లో కుట్టుమిషను తొక్కుతూనే ఉంది.

ఇది రాయడానికి కూచునేముందు తమ్ముడితో మాట్లాడాం, డెబ్బయ్యేసి సెంట్లు ఆపాలకు రాసిద్దామని. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

'ఆపా మాఫ్ చేసింది గదా భాయ్' అన్నాడు.