అనుమతి అడగని అతిథి

సలాం చెప్పి, అనుమతి పొందిన తరువాతనే ఇతరుల ఇండ్లలో ప్రవేశించాలని సూరా అన్‌నూర్ 27వ ఆయతులో అల్లాహ్ విశ్వాసులకు బోధించాడు. ఇతరుల గుట్టు వెదకరాదని సూరా అల్‌హుజురాత్ 12వ ఆయతు హెచ్చరించింది. ఈ రెండు హద్దులనూ ఏకకాలంలో అతిక్రమించే దొంగ నేడు మన ఇంటి కంప్యూటర్‌లోనే దాగి ఉండవచ్చు. దానినే మాల్‌వేర్ అంటారు.

ఇది ఎక్కడో మహానగరాల బెడద అనుకోరాదు. 2017 మే 12న విజృంభించిన వానాక్రై 150కి పైగా దేశాలలో కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి బిట్‌కాయిన్ల రూపంలో డబ్బు అడిగింది. మన సత్తెనపల్లి అప్పుడు గుంటూరు జిల్లాలో ఉండేది. ఆ జిల్లాతోపాటు చిత్తూరు, కృష్ణా, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలలోని పోలీసు కంప్యూటర్లకు సైతం అది సోకింది. అది ఆసరా చేసుకున్న లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14వ తేదీనే విడుదల చేసింది. రెండు నెలల వ్యవధి ఉన్నా ఎందరో దానిని వేసుకోలేదు.

వానాక్రై తన రాకను తానే చాటుకుంది. చప్పుడు చేయకుండా కూర్చునే రకం అంతకంటే ప్రమాదకరం. మా ఇంట జరిగింది అదే. నికాహ్ కార్డు తయారుచేయడానికి, డబ్బు చెల్లించి కొనవలసిన ఒక ఫోటో సాఫ్ట్‌వేర్‌ను మా అబ్బాయి ఇంటర్నెట్‌లో ఉచితంగా దించుకున్నాడు. ముందుగా యాంటీవైరస్‌ను ఆపివేయమని అక్కడ రాసి ఉంటే, ఆపివేశాడు. కార్డు అందంగా వచ్చింది. మేమూ మెచ్చుకున్నాము. మూడు వారాల తరువాత మా ఈమెయిల్‌ను మరెవరో తెరిచినట్లు హెచ్చరిక వచ్చింది. వెంటనే అదే కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ మార్చాము. మరునాడు మళ్లీ అదే హెచ్చరిక! మేము టైపు చేసిన కొత్త పాస్‌వర్డ్ కూడా దొంగకు చేరిపోయింది. హజ్ కోసం కూడబెడుతున్న ఖాతా వివరాలు, ఇంటి స్త్రీల ఫోటోలు అందులోనే ఉన్నాయి. అల్‌హమ్దులిల్లాహ్, డబ్బు పోలేదు. ఫోటోలు ఎవరి కంటనైనా పడ్డాయా అన్న ప్రశ్నకు మాత్రం మావద్ద సమాధానం లేదు.

అబ్బాయిని మందలించబోయి ఆగిపోయాము. వెల చెల్లించకుండా ఇతరుల శ్రమను వాడుకోవడం తగదని మేము ఏనాడు చెప్పాము గనుక? దొంగసరుకుతోనే దొంగ లోపలికి వచ్చాడు.

సోకినట్లు అనుమానం కలిగితే మొదట ఇంటర్నెట్ తీసివేయాలి. పాస్‌వర్డ్‌లను వేరొక శుభ్రమైన పరికరం నుండే మార్చాలి, రెండంచెల ధృవీకరణ పెట్టుకోవాలి. విండోస్‌లోనే ఉన్న డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ అనే సదుపాయం ఉంది. అది విండోస్ పూర్తిగా తెరుచుకోకముందే వెదకుతుంది కనుక, నక్కి ఉన్నవి దొరికే అవకాశం ఎక్కువ. అప్పటికీ అనుమానం తీరకపోతే, అవసరమైన పత్రాలను, ఫోటోలను మాత్రం భద్రపరచుకొని విండోస్‌ను కొత్తగా వేయించడమే మేలు. మేము చివరికి అదే చేశాము. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం మాల్‌వేర్ తొలగించే సాధనాలను ఉచితంగా అందిస్తోంది. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి ఫోన్ చేయాలి.

రాకముందు జాగ్రత్త ఇంకా సులభం. అప్‌డేట్‌లను వాయిదా వేయరాదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిందని గుర్తుంచుకోవాలి. పిల్లలకు అడ్మినిస్ట్రేటర్ అధికారం లేని ఖాతా ఇవ్వాలి. బ్రౌజర్‌లో బ్యాంకు పాస్‌వర్డ్‌లు దాచరాదు. ముఖ్యమైన ఫైళ్ల నకలును వేరే డిస్క్‌లో ఉంచి, పని కాగానే దానిని కంప్యూటర్ నుండి తీసివేయాలి.

ఒంటెను కట్టివేసి, ఆపై అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) బోధించారు. ఇంటి గుట్టు మన చేతిలోని అమానతు. ఈ శుక్రవారం నమాజు నుండి వచ్చాక, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని మీ కంప్యూటర్‌ను ఒకసారి తనిఖీ చేయండి. వారిని దోషులుగా నిలబెట్టకండి, కాపలాదారులుగా తీర్చిదిద్దండి.