రాని జబ్బుకు ఖర్చెందుకని అడిగేవారికి



డిసెంబరు 1వ తేదీ వస్తే మన నర్సింగు విద్యార్థినులు ఎర్ర రిబ్బను పెట్టుకొని బస్టాండు దాకా ర్యాలీ వెళ్లివస్తారు. అయ్యగారు ప్రార్థన చేస్తారు. టీ, బిస్కట్లు పంచుతాము. ఈసారి ర్యాలీ సంగతి కాక డబ్బు సంగతి నాలుగు మాటలు రాయాలనుకున్నాము. నర్సులకు డబ్బు గొడవ ఎందుకని అనుకోవద్దు. వార్డులో గ్లవ్సు అయిపోయాయని మొదట తెలిసేది మాకే.

2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం ఇతర దేశాలకు ఇచ్చే సహాయాన్ని 90 రోజులపాటు నిలిపివేసింది. 2003లో అధ్యక్షుడు జార్జి బుష్ ప్రారంభించిన పెప్‌ఫార్ అనే ఎయిడ్స్ కార్యక్రమం కూడ ఆ దెబ్బ తిన్నది. ఎక్కువగా ఆఫ్రికా దేశాలలో పనిచేసే ఈ కార్యక్రమం రెండున్నర కోట్ల ప్రాణాలను నిలబెట్టిందని లెక్క. కొద్ది రోజులకే చికిత్స మందులకు, తల్లి నుండి బిడ్డకు సోకకుండా చేసే సేవలకు మినహాయింపు ఇచ్చారు. సంతోషమే. కాని జబ్బు సోకకముందే జాగ్రత్తగా వేసుకొనే మాత్రలున్నాయి చూడండి, వాటిని గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తప్ప మరెవరికీ ఆ డబ్బుతో ఇవ్వవద్దన్నారు.

మాకు ఇందులో ఆశ్చర్యం లేదు. ఏ దేశంలోనైనా, ఏ ఆసుపత్రిలోనైనా చేతిలో డబ్బు తగ్గితే కత్తి మొదట పడేది నివారణ మీదనే. జబ్బుపడిన మనిషి వచ్చి బెంచీ మీద కూర్చుంటాడు, దగ్గుతాడు, వెంట వచ్చిన తల్లి ఏడుస్తుంది. ఆయనకు మందు ఇవ్వక తప్పదు. రాని జబ్బుకు రోగి లేడు, ఏడ్చే తల్లి లేదు, వార్షిక నివేదికలో వేసుకోవడానికి ఫోటో కూడ లేదు. ఫలానావాడికి జబ్బు రాలేదని ఏ కమిటీలోనూ ఎవరూ చప్పట్లు కొట్టరు.

అయితే లెక్క వేసి చూడండి. 2024లో ప్రపంచమంతటా సుమారు 13 లక్షలమందికి కొత్తగా హెచ్.ఐ.వి. సోకింది. వారిలో ప్రతి ఒక్కరికీ ఇక జీవితాంతం, రోజూ, ఒక్క రోజు తప్పకుండా మాత్ర కావాలి. నివారణ ఖర్చు తగ్గించుకున్నవాడు డబ్బు మిగుల్చుకున్నట్టు కాదు, అప్పు రాసిచ్చినట్టు. గ్లోబల్ ఫండ్ అనే అంతర్జాతీయ నిధి ఎయిడ్స్, క్షయ, మలేరియాల కోసం 1,800 కోట్ల డాలర్లు అడిగితే, 2025 నవంబరులో దాతలు మాట ఇచ్చినది 1,134 కోట్లే.

మనకేమి, ఇప్పుడు మన దేశ కార్యక్రమం చాలా మట్టుకు మన ప్రభుత్వ డబ్బుతోనే నడుస్తున్నది గదా అని ఒక సంఘ పెద్ద మమ్మల్ని అడిగారు. ఆ మాట నిజమే. కాని 1992లో మన జాతీయ కార్యక్రమం మొదలైనది ప్రపంచ బ్యాంకు అప్పుతో. ఆంధ్రప్రదేశ్‌లో ఈ జబ్బు భయంకరంగా ఉన్న రోజులలో బయటి దేశాల సహాయం మన ఊళ్లకూ వచ్చింది. మరొక సంగతి. లెనకాపవిర్ అని ఒక ఇంజక్షను వచ్చింది. జబ్బు లేనివారికి ఆరు నెలలకు ఒకసారి ఇస్తే చాలు. దక్షిణాఫ్రికా, ఉగాండాలలో జరిగిన పరీక్షలో దీనిని తీసుకున్న రెండు వేల పైచిలుకు యువతులలో ఒక్కరికి కూడ హెచ్.ఐ.వి. సోకలేదని 2024లో తెలిసింది. (ఇది టీకా కాదు, సుఖవ్యాధులను ఆపదు, గుర్తుంచుకోండి.) దీనినే 2027 నుండి పేద దేశాలకు మనిషికి సంవత్సరానికి 40 డాలర్లకు ఇస్తామని 2025 సెప్టెంబరులో ఒప్పుకున్నవి మన హైదరాబాదు కంపెనీలే, డాక్టర్ రెడ్డీస్, హెటెరో. మందు మన దగ్గర తయారవుతుంది. కొని ఇచ్చే చెయ్యి లేకపోతే గోడౌనులో ఉంటుంది.

ఇక మా లేబరు రూము సంగతి. మందు ఏమీ ఇవ్వకపోతే హెచ్.ఐ.వి. ఉన్న తల్లులకు పుట్టిన నూరుమంది బిడ్డలలో, పాల ద్వారా సోకేది కూడ కలుపుకొని, 15 నుండి 45 మందికి జబ్బు వస్తుంది. మొదట్లో మా చేతిలో ఉన్నది నొప్పులప్పుడు తల్లికి ఒక నెవిరపిన్ మాత్ర, పుట్టిన 72 గంటలలోపు బిడ్డకు కొన్ని చుక్కలు. 2014 నుండి మన దేశంలో గర్భిణి అయితే చాలు, వెంటనే జీవితాంతపు మందులు మొదలుపెడుతున్నారు. పెందలాడే మొదలుపెట్టి సరిగా వాడితే ఆ సంఖ్య అయిదు కంటే తక్కువకు దిగుతుంది.

ఇంత ఉండి కూడ మేము ఒక బిడ్డను పోగొట్టుకున్నంత పని చేశాము. చాలా ఏళ్ల క్రిందట ఒక అమ్మాయి మూడవ నెలలోనే వచ్చి పేరు రాయించుకున్నది. పరీక్షలో ఉన్నదని తేలింది. ఆ రోజులలో అలాంటివారి కేస్ షీటు మీద ఎర్ర సిరాతో ఒక గుర్తు వేసేవారము. ఎవరు చూశారో, ఎవరు అన్నారో, మాట బయటికి పోయింది. పోయినది మా వార్డు నుండే. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. ఎక్కడో దూరాన, సంగతి చెప్పకుండా కాన్పు చేయించుకున్నది. పద్దెనిమిదవ నెల పరీక్షలో బిడ్డకూ ఉన్నదని తెలిసింది. ఆ బిడ్డ ఇప్పుడు మందులు వాడుకుంటూ కాలేజీకి వెళ్తున్నాడు, ప్రభువుకు స్తోత్రం. కాని ఆ ఎర్ర సిరా మా చేతి రాత.

ఆ తర్వాత గుర్తులు మానివేశాము. ఎవరికైనా ఒకే గ్లవ్సు, ఒకే జాగ్రత్త. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి వచ్చిన చట్టం కూడ ఈ జబ్బున్నవారి సంగతి వారి అనుమతి లేకుండా బయటపెట్టరాదని చెబుతున్నది. చట్టం వార్డు గోడ మీద అంటించాము. సంఘంలో అంటించడానికి గోడ లేదు, నాలుకలే ఉన్నాయి.

కొందరు పెద్దలు నిరోధ్ మాట గుడి ఆవరణలో ఎత్తవద్దంటారు. పరిశుద్ధ జీవితం బోధించడం అయ్యగారి పని, దానికి మేము అడ్డు చెప్పము. అయితే మా దగ్గరకు వచ్చిన ఈ తల్లులలో చాలామంది తాళి కట్టిన భర్తను తప్ప వేరొకరిని ఎరుగరు. వారికి ఏ ప్రసంగం చెప్పమంటారు? భర్తకు పరీక్ష చేయించండి, జబ్బు ఉంటే మందుతోపాటు నిరోధ్ వాడండి అని మేము చెబుతూనే ఉంటాము.

ప్రపంచ నిధులకు మన కానుకలు చాలవు, నిజమే. కాని ఈ క్రిస్మస్ కృతజ్ఞతార్పణలో స్త్రీల సమాజంవారు కొంత తీసి, పల్లెల నుండి పరీక్షకు వచ్చే గర్భిణికీ ఆమె భర్తకూ బస్సు ఛార్జీలు ఇస్తే, రాని జబ్బుకు ఖర్చు పెట్టినవారవుతారు. ప్రభుత్వ కేంద్రాలలో పరీక్ష, మందులు ఉచితం. అత్తగార్లకు మా మనవి: కోడలికి నెల తప్పిందంటే మూడవ నెల దాటకముందే తీసుకొని రండి, అబ్బాయిని కూడ వెంటబెట్టుకొని రండి. మొదట మాట్లాడి చూడాలనుకొంటే 1097కు ఫోన్ చేయండి, డబ్బు పడదు, పేరు చెప్పనక్కరలేదు.