జాజ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తగా జాజ్ వినేవారికి చాలామంది మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ (1959) చెబుతారు. మంచిదే, వినండి. కానీ మన దక్షిణాఫ్రికా వాళ్ళు ముందు ‘మానెన్‌బర్గ్’ వినాలని నా మాట. అబ్దుల్లా ఇబ్రహీం దీన్ని 1974లో కేప్‌టౌన్‌లో రికార్డు చేశారు. 13 నిమిషాలు దాటుతుంది. పియానో ఒకే వరుసను మళ్ళీ మళ్ళీ వాయిస్తుంది. అది చెవికి పట్టాక, బాసిల్ కోట్జీ శాక్సోఫోన్ వెంట వెళ్ళండి.

మానెన్‌బర్గ్ ఒక పేట పేరు. వర్ణవివక్ష ప్రభుత్వం ఇళ్ళు ఖాళీ చేయించిన కుటుంబాలను అక్కడికి పంపింది. గ్రూప్ ఏరియాస్ చట్టం డర్బన్‌లో మనవాళ్ళ ఇళ్ళనూ తీసుకుంది. అందుకని ఈ పాటను మీ అవ్వ పక్కన కూర్చుని వినండి. పాట అయ్యాక తెలుగులోనే అడగండి: “అవ్వా, అప్పుడు మీ ఇల్లు ఎక్కడ ఉండేది?”