తల్లి మౌనం

తల్లిని కీర్తించేటప్పుడు తెలుగువారి నోట ముందుగా వచ్చే మాట సహనం. ఆమెను భూదేవితో పోలుస్తారు. ఆకలిని, అలసటను, అనారోగ్యాన్ని పైకి చెప్పుకోకపోవడమే ఆమె గొప్పతనమంటారు. ఆమె కన్నుమూసిన తరువాత, ఒక్కనాడైనా తన బాధ చెప్పుకొని ఎరుగదని బంధువులు స్మరించుకొంటారు. ఈ ప్రశంసలో ప్రేమ ఉన్నదనడంలో సందేహం లేదు. కాని ఆ మౌనం ఆమె స్వభావమా, లేక పరిస్థితులు ఆమెచేత చెల్లింపజేసిన మూల్యమా అని విచారించేవారు అరుదు. పరాయి దేశంలో దీర్ఘవ్యాధితో బాధపడుతూనే బిడ్డలను పెంచిన మేరీ క్యూరీ జీవితం ఈ విచారణకు ఎంతో తోడ్పడుతుంది. లోకం ఆమెను శాస్త్రవేత్తగా ఎరుగును. తల్లిగా, రోగిగా ఎరిగినవారు తక్కువ.

ఆమె 1867 నవంబరు 7న వార్సా నగరంలో జన్మించింది. అసలు పేరు మరియా స్క్లొడోవ్‌స్కా. ఆనాడు ఆ ప్రాంతం రష్యా చక్రవర్తుల ఏలుబడిలో ఉండేది. అక్కడి విశ్వవిద్యాలయంలో స్త్రీలకు ప్రవేశం లేదు. అక్క బ్రోన్యాను పారిస్‌లో వైద్యవిద్య చదివించడానికి ఆమె కొన్నేళ్లు పరుల ఇళ్లలో పిల్లలకు పాఠాలు చెప్పి ధనం సంపాదించింది. తన వంతు వచ్చిన తరువాత 1891లో తానూ పారిస్ చేరుకొన్నది. 1895లో పియరీ క్యూరీని వివాహమాడి అక్కడే స్థిరపడింది. అయినా కన్నభూమిని మరువలేదు. 1898లో తాము కనుగొన్న మూలకానికి స్వదేశం పేరు కలిసివచ్చేటట్లు పొలోనియం అని నామకరణం చేసింది.

1897లో ఐరీన్, 1904లో ఈవ్ జన్మించారు. పరిశోధన వివరాలు రాసుకొన్నంత శ్రద్ధగా ఆమె వేరొక పుస్తకంలో పసిబిడ్డ బరువు, పళ్లు మొలిచిన రోజులు నమోదు చేసుకొనేది. 1906 ఏప్రిల్ 19న పియరీ గుర్రపుబండి కింద పడి మరణించాడు. అప్పటికి పెద్దబిడ్డకు ఎనిమిదేళ్లు. చిన్నబిడ్డకు ఏడాదిన్నర కూడా నిండలేదు. వైద్యుడైన మామగారు పిల్లల పెంపకంలో అండగా నిలిచాడు గాని, 1910లో ఆయన కూడా కన్నుమూశాడు. భర్త బోధించిన తరగతులను స్వీకరించి, సోర్బాన్‌లో పాఠం చెప్పిన తొలి మహిళ అయిన ఆమె ఇంటి బాధ్యతను ఏనాడూ ఉపేక్షించలేదు. తోటి ఆచార్యులతో కలిసి పిల్లలకోసం చిన్న బడి నడిపి, అందులో స్వయంగా భౌతికశాస్త్రం బోధించింది. పోలండు యువతులను ఇంట ఉంచి కుమార్తెలకు తన మాతృభాష నేర్పించింది. ఐరీన్ దూరాన ఉన్న రోజులలో లేఖలతోపాటు గణిత సమస్యలు పంపి చేయించేది.

ఈ కాలమంతటా వ్యాధి ఆమెను వెన్నంటే ఉన్నది. రేడియం పదార్థాలను తాకిన వేళ్లు కాలి గట్టిపడ్డాయి. 1911 డిసెంబరులో స్టాక్‌హోంలో రెండవ నోబెల్ బహుమతి అందుకొని వచ్చిన కొద్దిరోజులకే మూత్రపిండాల వ్యాధితో ఆసుపత్రి పాలైంది. మరుసటి సంవత్సరం శస్త్రచికిత్స జరిగింది. తరువాత చెవులలో హోరు మొదలైంది. రెండు కళ్లకూ శుక్లాలు కమ్మాయి. ఈ సంగతులను 1920లో అక్కకు రాస్తూ, ఎవరికీ తెలియనీయవద్దని కోరింది. 1923లో మారుపేరుతో ఆసుపత్రిలో చేరి కంటికి శస్త్రచికిత్స చేయించుకొన్నది. పాఠాల కాగితాలపై పెద్ద పెద్ద అక్షరాలు రాసుకొని, పరికరాలపై రంగు గుర్తులు పెట్టుకొని పని సాగించింది. కుమార్తెలిద్దరూ ఆ రహస్యాన్ని కాపాడారు.

ఇంతగా దాచవలసిన అవసరమేమి? సహజమైన సంకోచం కొంత ఉండవచ్చు. దానికి మించిన కారణం ఆమె పొందిన అనుభవంలో ఉన్నది. 1911లో ఫ్రెంచి సైన్సు అకాడమీ సభ్యత్వానికి పోటీ చేసినప్పుడు ఆమె స్వల్పమైన తేడాతో ఓడిపోయింది. ఆ ఏడాది కొన్ని పత్రికలు ఆమెను పరదేశినిగా ఎత్తిచూపి దుమ్మెత్తిపోశాయి. పుట్టినగడ్డపై ఉన్నవారికి అనారోగ్యం ఒక కష్టం మాత్రమే. వలస వచ్చిన స్త్రీకి అది తన స్థానాన్నే ప్రశ్నార్థకం చేసే బలహీనత. కాబట్టి ఆమె మౌనాన్ని కేవలం సహనమని పొగడడం సగం సత్యమే. ఆ మౌనాన్ని ఆమెపై మోపిన సమాజాన్ని ఆ పొగడ్త నిర్దోషిగా విడిచిపెడుతుంది.

బాధను ఓర్చుకొనకపోతే ఆమె ఇన్ని ఘనకార్యాలు సాధించగలిగేదా అని కొందరు ప్రశ్నించవచ్చు. పట్టుదల వేరు, వ్యాధిని దాచడం వేరు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఎక్స్‌రే యంత్రాలను వాహనాలకెక్కించి గాయపడిన సైనికులకు సేవ చేసినది ఆమె పట్టుదల. శిష్యులచేత జాగ్రత్తలు ఖచ్చితంగా పాటింపజేసి, తనవరకు వచ్చేసరికి వాటిని ఉపేక్షించినది మాత్రం ఆమె అలవాటు. బిడ్డలకు వేళకు అన్నం పెట్టి తాను పస్తుండే తల్లులందరిలోనూ కనిపించే అలవాటే ఇది.

ఆ మౌనం తల్లినొక్కతెనే బాధిస్తుందని అనుకోరాదు. మహాభారతంలో కుంతి కర్ణుని జన్మరహస్యాన్ని గుండెలలో దాచుకొన్నది. యుద్ధం ముగిసిన తరువాత ఆ నిజం విన్న ధర్మరాజు, తోబుట్టువును పోగొట్టుకొన్నందుకు విలపించాడు. దాచిన సత్యం వెలుగు చూసేసరికి దిద్దుకొనే అవకాశం మిగలలేదు. మేరీ క్యూరీ 1934 జూలై 4న, ఎముకమజ్జ క్షీణించి కలిగిన రక్తహీనతతో మరణించింది. ఏళ్ల తరబడి కిరణాలకు గురికావడమే అందుకు కారణమని వైద్యులు భావించారు. తల్లి అడుగుజాడలలో నడిచి, 1935లో భర్తతో కలిసి నోబెల్ బహుమతి పొందిన ఐరీన్ కూడా 1956లో రక్తక్యాన్సరుతో కన్నుమూసింది. ఆనాటికి ఆ కిరణాల హాని పూర్తిగా తెలియదు కనుక తల్లిని నిందించడం న్యాయం కాదు. అయినా, తన దేహాన్ని లెక్కచేయకుండా పనిచేయడమనేది బిడ్డలు చూచి నేర్చుకొనే పాఠమన్నది విస్మరించరాదు.

ఈ పాఠం తెలుగునేలకు దూరమైనది కాదు. కడప, గోదావరి ప్రాంతాల నుంచి ఎందరో తల్లులు ఇంటిపనికై కువైట్ వంటి గల్ఫ్ దేశాలకు వెళ్లారు, వెళుతున్నారు. యజమానిపైనే నివాసానుమతి ఆధారపడిన చోట జబ్బుపడ్డానని చెప్పుకోవడం సులభం కాదు. చక్కెరవ్యాధి, రక్తపోటు, నడుమునొప్పి ఉన్నా, ఫోనులో బిడ్డ గొంతు వినగానే బాగానే ఉన్నానంటారు. పంపిన సొమ్ము అందినదో లేదో అడుగుతారు. బిడ్డ చదువు ఆ మౌనం మీదనే సాగుతుంది. ఊరిలోనే ఉన్న తల్లులలోనూ మందులు అయిపోయిన సంగతి చెప్పనివారు లేకపోలేదు.

చివరి రోజులలో తల్లి పక్కనే ఉన్న ఈవ్, 1937లో ఆమె జీవితచరిత్రను ప్రచురించింది. బహుమతులతోపాటు కాలిన వేళ్లను, మసకబారిన కళ్లను, మారుపేరును కూడా అందులో దాచకుండా రాసింది. తల్లి జీవించినంతకాలం కాపాడిన రహస్యాన్ని ఆమె మరణానంతరం బయటపెట్టడం ద్రోహం కాదు. అదే యథార్థమైన స్మరణ. అయితే బిడ్డలు అంతవరకు వేచి ఉండనవసరం లేదు. తల్లి బాగానే ఉన్నానన్నప్పుడు ఆ మాటను అక్కడితో వదలక, ఏ మందు వాడుతున్నది, వైద్యునికి చూపించుకొని ఎంతకాలమైనది అని అడిగి తెలుసుకోవడం వారి విధి. మరణించిన తరువాత ఆమె ఓర్పును పొగడడం కంటె, బతికి ఉండగా ఆ ఓర్పు అవసరం కొంతైనా తగ్గించడం మిన్న.